వాన పడిన మర్నాడు ఇన్వర్టరు ఆలస్యంగా లేస్తోంది: ‘ఐసోలేషన్ ఫాల్ట్’ ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

మున్నేరుగట్టు (ప్రశ్న):

అందరికీ నమస్కారం. ఖమ్మం శివారులో మా ఇంటి డాబా మీద పీఎం సూర్యఘర్ పథకం కింద పెట్టించుకున్న 3 కిలోవాట్ల సోలార్ ఉంది. 540 వాట్ల ప్యానెళ్ళు ఆరింటిని ఒకే స్ట్రింగుగా, అంటే ఒకదాని వెనుక ఒకటిగా సిరీస్‌లో కలిపి, మెట్ల గది గోడకు బిగించిన, ప్యానెళ్ళ డీసీ కరెంటును ఏసీగా మార్చే సింగిల్ ఫేజ్ ఇన్వర్టరుకు తెచ్చారు. మధ్యలో ఐసోలేటరు (తీగలను విడదీసే స్విచ్చు), ఫ్యూజులు, ఎస్‌పీడీ (పిడుగుల వల్ల వచ్చే అధిక వోల్టేజీని భూమికి మళ్ళించే పరికరం) ఉన్న డీసీ డబ్బా ఒకటి ఉంది. ఇన్వర్టరు నుంచి కింద నెట్ మీటరు దాకా ఏసీ కేబులు సుమారు 30 మీటర్లు ఉంటుంది.

ఎండాకాలమంతా ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. వానలు మొదలైన దగ్గర నుంచి, రాత్రి ఒక జల్లు పడితే చాలు, మర్నాడు ఉదయం ఇన్వర్టరు మీద ఎర్ర దీపం వెలిగి, యాప్‌లో ‘ఐసోలేషన్ ఫాల్ట్’ అని కనిపిస్తోంది. తొమ్మిదిన్నర, పది గంటల వేళకు ఎండ ముదిరాక ఎవరూ ముట్టుకోకుండానే దీపం పచ్చగా మారి పని మొదలవుతుంది. ముసురు పట్టిన రోజున మాత్రం సాయంత్రం దాకా లేవదు.

బిగించిన సంస్థవారికి ఫోన్ చేస్తే వచ్చిన మనిషినిబట్టి ఒక్కో మాట చెబుతున్నారు. వానాకాలంలో ఇది మామూలేనని ఒకరు, ఇన్వర్టరు బోర్డు పోయింది కాబట్టి మార్చాల్సిందేనని ఒకరు అన్నారు. మూడో అతను సెట్టింగుల్లోకి వెళ్ళి ఇన్సులేషన్ హద్దు తగ్గిస్తానన్నాడు, అది కుదరకపోతే స్ట్రక్చరు నుంచి దిగే ఆకుపచ్చ ఎర్త్ వైరు తీసేసి చూద్దామన్నాడు. నేను రెండింటికీ ఒప్పుకోలేదు.

నేను ఎలక్ట్రీషియన్ను కాను. బోరు మోటారు స్టార్టరు దగ్గర మల్టీమీటరు పట్టే అలవాటు మాత్రం ఉంది. తప్పు ఇన్వర్టరులో ఉందా, ప్యానెళ్ళలో ఉందా, కేబుల్లో ఉందా అన్నది ఏదీ మార్చకముందే తేల్చుకునే పద్ధతి ఉంటే చెప్పగలరు. దీనికి సంబంధం ఉందో లేదో తెలియని మరో సంగతి కూడా ఉంది: బాగా ఎండ కాసిన రోజుల్లో కూడా మిట్ట మధ్యాహ్నం ఉత్పత్తి గ్రాఫు మధ్యమధ్యలో సున్నాకు పడి, మళ్ళీ లేస్తోంది.


స్ట్రింగ్ టెస్టర్ (జవాబు):

మున్నేరుగట్టు గారూ, మీరు రాసిన లక్షణాల్లోనే సగం జవాబు ఉంది. తడి ఉన్నప్పుడు వచ్చి, ఆరగానే పోయే లోపం సాధారణంగా బయట, అంటే డాబా మీద వానకు తడిసే చోట ఉంటుంది, మెట్ల గదిలో పొడిగా ఉన్న బోర్డులో ఉండటం అరుదు. అయినా ‘సాధారణంగా’ అన్న మాట మీద ఆధారపడి దేన్నీ మార్చకూడదు కాబట్టి, కొలిచి తేల్చే పద్ధతి రాస్తున్నాను.

ఇన్వర్టరు చేస్తున్న పనేమిటో ముందు చూద్దాం. ఇప్పుడు ఇళ్ళకు పెడుతున్న ఇన్వర్టర్లలో చాలా వరకు లోపల ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. గ్రిడ్డుకు కలిసిన క్షణం నుంచి ప్యానెళ్ళ తీగలకూ భూమికీ మధ్య వోల్టేజీ ఉంటుంది కాబట్టి, ఇన్సులేషన్ ఎక్కడైనా దెబ్బతింటే కరెంటు ఫ్రేముల్లోకి, స్ట్రక్చరులోకి కారుతుంది. అందుకే ప్రతి ఉదయం గ్రిడ్డుకు కలిసే ముందు అది ప్లస్, మైనస్ తీగలకూ భూమికీ మధ్య నిరోధం కొలుచుకుంటుంది. ఐఈసీ 62109-2 అనే అంతర్జాతీయ ప్రమాణం చెప్పే కనీస హద్దు, ప్యానెళ్ళ వైపు గరిష్ఠ వోల్టేజీని 30 మిల్లీఆంపియర్లతో భాగిస్తే వచ్చే నిరోధం. 600 వోల్టుల ఇన్వర్టరుకు అది 20 కిలోఓములు. తయారీదారులు సాధారణంగా అంతకంటే చాలా పైన హద్దు పెడతారు. ఆ హద్దును కిందికి దించితే దీపం పచ్చగా మారవచ్చు, కారే కరెంటు మాత్రం కారుతూనే ఉంటుంది. మీరు ఒప్పుకోకపోవడమే సరైన పని.

ఇక కొలత సంగతి. లోపం కనిపిస్తున్న వేళలోనే, అంటే వాన పడిన మర్నాడు ఎర్ర దీపం వెలుగుతుండగానే కొలవాలి. పదకొండు గంటలకు మనిషి వచ్చి కొలిచి అంతా బాగుందని చెప్పి వెళ్ళిపోవడమే ఇలాంటి ఫిర్యాదులు నెలల తరబడి సాగడానికి అసలు కారణం. ముందు ఏసీ ఎంసీబీ దించి, తరువాత ఇన్వర్టరు కింద ఉన్న డీసీ స్విచ్చు, ఆపైన డీసీ డబ్బాలోని ఐసోలేటరు ఆపాలి. ఈ క్రమం తప్పకూడదు, ఎందుకంటే డీసీ కరెంటు పారుతుండగా కనెక్టరు ఊడదీస్తే ఏసీలో మాదిరిగా ఆర్క్ (తీగల మధ్య లేచే నిప్పు మెరుపు) తనంతట తాను ఆరదు. కరెంటు నిజంగా ఆగిందో లేదో డీసీ కొలిచే క్లాంప్ మీటరుతో చూసుకోవాలి, మామూలు ఏసీ క్లాంప్ ఇక్కడ పనికిరాదు. ఐసోలేటరు ఆపినా ప్యానెళ్ళ వైపు తీగల్లో వెలుతురు ఉన్నంతసేపూ పూర్తి వోల్టేజీ ఉంటుందని మరవవద్దు. మీటరు కనీసం 600 వోల్టుల కేటగిరీ 3 ది కావాలి. ఎర్ర ప్రోబు 10 ఆంపియర్ల రంధ్రంలో కాక వోల్టుల రంధ్రంలోనే ఉందని ముట్టించే ప్రతిసారీ చూసుకోవాలి. అది ఆంపియర్ల రంధ్రంలో ఉంటే మీటరే తీగలను షార్టు చేస్తుంది.

డీసీ డబ్బాలో ఎస్‌పీడీ కార్ట్రిజ్‌లు ఉంటాయి కదా, వాటిని మొదట లాగి పక్కన పెట్టండి. పిడుగుల కాలంలో దెబ్బలు తిని నీరసించిన ఎస్‌పీడీ భూమికి కరెంటు కారుస్తూ ఇదే ఫాల్టు చూపించడం నేను చాలా చోట్ల చూశాను. కార్ట్రిజ్ మీద దాని స్థితి చూపే చిన్న కిటికీ ఇంకా పచ్చగానే కనిపిస్తున్నా నమ్మకూడదు. ఎస్‌పీడీ తీసిన తరువాత ఇన్వర్టరు మామూలుగా లేస్తే లోపం దొరికినట్టే, కొత్త కార్ట్రిజ్ వేస్తే సరిపోతుంది.

లేవకపోతే, ఐసోలేటరుకు ప్యానెళ్ళ వైపు ఉన్న తీగల మీద మూడు రీడింగులు వెంటవెంటనే తీసుకోవాలి: ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య, ప్లస్‌కూ ఎర్త్ బస్‌బారుకూ (ఎర్త్ తీగలన్నీ కలిసే లోహపు పట్టీకీ) మధ్య, మైనస్‌కూ ఎర్త్ బస్‌బారుకూ మధ్య. మబ్బు వచ్చి పోతుంటే మొత్తం వోల్టేజీయే మారుతుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు.

మొదటి రీడింగు ప్యానెళ్ళ ఆరోగ్యం చెబుతుంది. 540 వాట్ల ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (కరెంటు పారనప్పటి వోల్టేజీ) 25 డిగ్రీల వద్ద సుమారు 49.5 వోల్టులు. వేడెక్కే కొద్దీ అది డిగ్రీకి సుమారు 0.27 శాతం తగ్గుతుంది. 60 డిగ్రీలకు చేరిన ప్యానెల్ సుమారు 45 వోల్టులే ఇస్తుంది, అందులో లోపమేమీ లేదు. ఉదయపు చల్లదనంలో, తక్కువ వెలుతురులో ఒక్కోటి 45, 46 వోల్టులు ఇస్తే ఆరింటికి 270 నుంచి 276 మధ్య రావాలి. దీనికి సరిగ్గా 15, 16 వోల్టులు తక్కువ వస్తే ఒక ప్యానెల్లో ఒక బైపాస్ డయోడు (నీడ పడిన సెల్‌లను తప్పించి కరెంటుకు దారి ఇచ్చేది) షార్టయిందని అర్థం. ప్యానెల్లో మూడు డయోడ్లుంటాయి, ఒక్కోటి మూడో వంతు సెల్‌లను కాస్తుంది కాబట్టి, పోయే వోల్టేజీ కూడా మూడో వంతే.

మిగతా రెండు రీడింగులు లోపం చోటు చెబుతాయి. ఇన్సులేషన్ బాగున్న స్ట్రింగు భూమికి ఎక్కడా అంటుకోదు. మీటరు పెట్టగానే ఏదో ఒక అంకె కనిపించి, నిలవకుండా జారిపోతుంది. రెండు వైపులా వచ్చినవి కలిపినా మొత్తానికి చాలా తక్కువగా ఉంటాయి. ఒక చోట గట్టిగా భూమికి అంటుకుంటే మాత్రం రెండు అంకెలూ నిలకడగా నిలుస్తాయి, వాటి మొత్తం మొదటి రీడింగుకు దగ్గరగా వస్తుంది, మైనస్ వైపు అంకెను ఒక ప్యానెల్ వోల్టేజీతో భాగిస్తే మైనస్ కొన నుంచి ఎన్నో ప్యానెల్ తరువాత లోపం ఉందో తెలుస్తుంది. ఒక వైపు దాదాపు సున్నా, మరో వైపు పూర్తి వోల్టేజీ వస్తే సున్నా చూపిన వైపు కొనలో, అంటే ప్యానెళ్ళ నుంచి డబ్బాకు దిగే కేబులులో చూడాలి. భాగిస్తే పూర్ణసంఖ్య రాకుండా మధ్యలో పడితే జాయింటులో కాక ప్యానెల్ లోపలే, జంక్షన్ బాక్సులోనో వెనుక షీటు పగులులోనో లోపం ఉండవచ్చు. రెండు అంకెలూ సరిసమానంగా సగం సగం వస్తే మాత్రం తొందరపడి మూడో ప్యానెల్ తరువాత అనుకోవద్దు. అన్ని ప్యానెళ్ళూ కొద్దికొద్దిగా తడిసి కారుతున్నా అదే ఫలితం వస్తుంది.


నల్గొండ సోలార్ (జవాబు):

పై జవాబులోని లెక్క సరైనదే. అయితే ఇంటి యజమాని స్వయంగా 270 వోల్టుల డీసీ మీద ప్రోబులు పెట్టాలని నేను సలహా ఇవ్వను, అదీ తడి డాబా మీద అసలే వద్దు. సూర్యఘర్ పథకం కింద బిగించిన వ్యవస్థకు 5 ఏళ్ళ నిర్వహణ బాధ్యత బిగించిన సంస్థదే. ఫోన్లో కాకుండా రాతపూర్వకంగా, తేదీతో, యాప్‌లోని ఫాల్టు లాగ్ ఫొటోలు జతచేసి ఫిర్యాదు పెట్టండి. ఫలానా రోజు ఉదయం ఏడు గంటలకు, ఎర్ర దీపం ఉండగానే వచ్చి కొలవాలని అందులోనే రాయండి. 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరుతో) కొలిస్తే మీ స్థాయి స్ట్రింగుకు కనీసం 1 మెగాఓము రావాలని ఐఈసీ 62446-1 చెబుతోంది, ఆ అంకెను కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. అంకె రాయాల్సి వస్తే ‘వానాకాలంలో మామూలే’ అన్న మాట ఎవరూ అనరు.

ఎర్త్ వైరు తీసే విషయం గురించి గట్టిగా చెప్పాలి. ఫ్రేములకు ఎర్త్ తీసేస్తే ఇన్వర్టరుకు లోపం కనిపించే దారి మూసుకుపోతుంది, ఫాల్టు మాయమవుతుంది, మనిషి డబ్బు తీసుకుని దిగిపోతాడు. ఆ తరువాత తెగిన ఇన్సులేషన్ నుంచి వచ్చే వోల్టేజీ ఫ్రేముల మీదే నిలుస్తుంది. ప్యానెళ్ళు కడగడానికి నీళ్ళ పైపు పట్టుకుని వెళ్ళిన మనిషే ఆ కరెంటుకు దారి అవుతాడు. ఇలా ఎర్త్ విప్పి వదిలేసిన ఇళ్ళు మా జిల్లాలో కొన్ని కనిపించాయి. ఎవరి ఇంట్లోనైనా స్ట్రక్చరు నుంచి దిగే ఆకుపచ్చ తీగ చివర లగ్గు ఊడి వేలాడుతుంటే, అది తుప్పు వల్లే ఊడిందనుకోకుండా, ఎందుకు విప్పారో అడిగి తెలుసుకోండి.


స్ట్రింగ్ టెస్టర్:

నల్గొండ సోలార్ గారి జాగ్రత్తతో ఏకీభవిస్తాను. డాబా మీద కనెక్టర్లు విప్పే పని యజమానిది కాదు. మెట్ల గదిలో పొడి నేల మీద, తెలిసిన ఎలక్ట్రీషియన్ పక్కన ఉండగా, డీసీ డబ్బా టెర్మినళ్ళ మీద తీసే మూడు రీడింగుల వరకే నేను చెప్పింది. అవి చేతిలో ఉంటే వచ్చే మనిషితో మాట్లాడే తీరే మారిపోతుంది. మెగ్గరు వాడేటప్పుడు కూడా ఎస్‌పీడీలు తీసే ఉంచాలి, లేకపోతే అది కొలిచేది ఎస్‌పీడీనే అవుతుంది. ఇన్వర్టరు తీగలు విప్పకుండా మెగ్గరు తిప్పితే బోర్డు నిజంగానే పోవచ్చు.


మున్నేరుగట్టు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మా వీధి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, రాత్రి గట్టి వాన పడిన మర్నాడు ఉదయం ఎర్ర దీపం ఉండగానే కొలిపించాను. ఎస్‌పీడీ కార్ట్రిజ్‌లు తీసినా ఫాల్టు పోలేదు. తరువాత తీసిన రీడింగులు ఇవి: ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య 276 వోల్టులు, ప్లస్‌కూ ఎర్త్‌కూ మధ్య 182, మైనస్‌కూ ఎర్త్‌కూ మధ్య 91. రెండు అంకెలూ కదలకుండా నిలిచాయి. పదకొండు గంటలకు, ఇన్వర్టరు లేచాక దాన్ని మళ్ళీ ఆపించి కొలిపిస్తే, ఎర్త్‌తో వచ్చిన రెండు రీడింగులూ జారిపోతూ 20 లోపుకు వచ్చాయి.

మధ్యాహ్నం గ్రాఫు పడిపోయే వేళల్లో యాప్ లాగ్‌లో చూస్తే అక్కడ ఐసోలేషన్ మాట లేదు, ‘గ్రిడ్ ఓవర్ వోల్టేజ్’ అని ఉంది. ఇది వేరే జబ్బు అనుకుంటున్నాను.


స్ట్రింగ్ టెస్టర్:

ఇంతకంటే స్పష్టమైన రీడింగులు అరుదుగా దొరుకుతాయి. 276ను ఆరుతో భాగిస్తే ప్యానెలుకు 46 వోల్టులు, కాబట్టి ప్యానెళ్ళూ డయోడ్లూ బాగున్నాయి. 91ని 46తో భాగిస్తే దాదాపు 2. అంటే మైనస్ కొన నుంచి రెండు ప్యానెళ్ళు దాటాక, రెండో ప్యానెల్ ప్లస్ తీగ మూడో ప్యానెల్ మైనస్ తీగతో కలిసే చోట మీ లోపం ఉంది. ఎర్త్‌తో వచ్చిన రెండు అంకెలు కలిపితే 273, మొత్తానికి 3 వోల్టులు తక్కువ. మీటరు లోపలి నిరోధం 10 మెగాఓములు అనుకుంటే ఆ తేడా నుంచి లోపపు నిరోధం సుమారు 110 కిలోఓములని లెక్క వస్తుంది. అయితే 3 వోల్టుల తేడా మీటరు పొరపాటులోనే కలిసిపోగలదు కాబట్టి ఈ అంకెను పట్టుకుని వాదించకండి. చోటు చెప్పే 182, 91 నిష్పత్తి మాత్రం నమ్మదగినది, ఎందుకంటే మీటరు నిరోధం రెండు రీడింగులనూ ఒకే పాళ్ళలో తగ్గిస్తుంది, నిష్పత్తి చెడదు.

ఇన్వర్టరు మార్చాలన్న మాటకు కూడా ఇక్కడే జవాబు దొరికింది. ఈ రీడింగులు ఐసోలేటరు ఆపి, ఇన్వర్టరుతో సంబంధం లేకుండా తీసినవి. ఇన్వర్టరు ఊసే లేనప్పుడు స్ట్రింగు భూమికి అంటుకుని ఉంటే ఆ తప్పు ఇన్వర్టరుది కాదు, అది ఉన్న సంగతే చెబుతోంది.

వచ్చే మనిషికి ఒక హెచ్చరిక చేయండి. డాబా మీద వరుసలో పక్కపక్కనున్న ప్యానెళ్ళు తీగలో కూడా పక్కపక్కనే ఉంటాయన్న హామీ లేదు. పైన మూడు, కింద మూడు పెట్టి చుట్టు తిప్పి కలిపినా, ఒకటి విడిచి ఒకటి కలిపి వెనక్కి తెచ్చినా క్రమం మారిపోతుంది. మైనస్ కేబులును చేత్తో పట్టుకుని డబ్బా నుంచి ఒక్కో ప్యానెల్ దాకా లెక్కపెట్టుకుంటూ వెళ్ళాలి. ఆ జాయింటు దగ్గర చూడాల్సినవి కొన్నే ఉంటాయి. కనెక్టరు టై తెగి, ప్యానెళ్ళను మోసే జీఐ (జింకు పూత ఇనుము) రైలు గాడిలో నీళ్ళలో పడి ఉండవచ్చు. రెండు సగాలు వేర్వేరు కంపెనీలవి కావచ్చు, చూపుకు ఒకలాగే ఉండి చేతికి టక్కుమని పట్టినా లోపల సీలు సరిగా కూర్చోదు, నీరు దిగుతుంది, వేడెక్కి కరుగుతుంది కూడా. రెండు ప్యానెళ్ళ మధ్య వాటిని రైలుకు పట్టి ఉంచే మిడ్ క్లాంపు బిగించేటప్పుడు తీగ ఫ్రేముకూ రైలుకూ మధ్య నలిగి ఉండవచ్చు. మీ వైపు కోతుల బెడద ఎక్కువ కాబట్టి తీగ లాగి ఉంచాయేమో చూడాలి, ఉడుతలు కొరికిన గుర్తులు కూడా వెతకాలి.

అనుమానం తీరకపోతే, ఏసీ, డీసీ రెండూ ఆపి, తీగలో కరెంటు సున్నా అని చూసుకున్నాక ఆ ఒక్క కనెక్టరు విప్పి, స్ట్రింగును రెండు ప్యానెళ్ళు, నాలుగు ప్యానెళ్ళుగా విడదీసి, విడివిడిగా భూమితో కొలవాలి. లోపం ఏ ముక్కలో ఉందో ఆ ముక్క మాత్రమే నిలకడైన అంకె చూపిస్తుంది.


విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్ (జవాబు):

మధ్యాహ్నం సమస్య గురించి నాకు తెలిసింది రాస్తాను. అది వేరే జబ్బేనని మీరు అనుకున్నది నిజం, దానికి వానతో సంబంధం లేదు, ఎండతో ఉంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నిబంధనల ప్రకారం గ్రిడ్డు వోల్టేజీ నామినల్‌లో (ఉండాల్సిన వోల్టేజీలో) 80 శాతానికి తగ్గినా, 110 శాతానికి పెరిగినా ఇన్వర్టరు 2 సెకన్లలోపు విడిపోవాలి. 230 వోల్టులను నామినల్‌గా పెట్టుకున్న ఇన్వర్టరుకు పై హద్దు 253. విడిపోయాక గ్రిడ్డు స్థిరంగా ఉందని కనీసం 60 సెకన్లు చూసుకుని గాని మళ్ళీ కలవదు. కలవగానే ఉత్పత్తి పెరుగుతుంది, దాంతో వోల్టేజీ మళ్ళీ హద్దు దాటుతుంది, మళ్ళీ విడిపోతుంది. అందుకే గ్రాఫు రంపపు పళ్ళలా కనిపిస్తుంది.

వోల్టేజీ ఎక్కడ పెరుగుతోందో తేల్చడానికి ఒకే కొలత రెండు చోట్ల చేయాలి. మంచి ఎండలో ఇన్వర్టరు నడుస్తుండగా, ఇన్వర్టరు వైపు ఏసీ డబ్బాలోనూ కింద నెట్ మీటరు దగ్గరా ఒకే సమయంలో ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య వోల్టులు చూడాలి. ఇన్వర్టరు కరెంటును బయటికి తోస్తుంది కాబట్టి దాని దగ్గర వోల్టేజీ ఎప్పుడూ మీటరు దగ్గర కంటే కొంత ఎక్కువే ఉంటుంది. ఆ తేడా ఎంతన్నదే ప్రశ్న. 3 కిలోవాట్లకు 13 ఆంపియర్లు. 30 మీటర్ల దూరమంటే పోనూ రానూ 60 మీటర్ల రాగి. 2.5 చదరపు మిల్లీమీటర్ల కేబులైతే దాదాపు 6 వోల్టులు, 4 దైతే మూడున్నర, 6 దైతే రెండున్నర లోపు తేడా వస్తుంది. ఇంతకు మించి వస్తే ఎక్కడో లూజు కాంటాక్టు ఉంది, ఎక్కువ సార్లు అది న్యూట్రల్ లగ్గు దగ్గరే ఉంటుంది. చెయ్యి పెట్టి చూడకుండా, లోడు తీసి, కరెంటు ఆపి, స్క్రూలన్నీ బిగించండి.

మీటరు దగ్గరే 250 దాటుతుంటే అది ఇంటి బయటి సంగతి. ట్రాన్స్‌ఫార్మరుకు ట్యాపులుంటే (వోల్టేజీని పెంచే, తగ్గించే మెట్లు) పై మెట్టులో ఉండి ఉండవచ్చు, మీ ఫేజు మీదే వీధిలోని సోలార్ ఇళ్ళన్నీ పడి ఉండవచ్చు, లేదా స్తంభం మీద న్యూట్రల్ జాయింటు వదులై ఉండవచ్చు. వోల్టేజీ ఉదయం ఎంత, మధ్యాహ్నం ఎంత, రాత్రి ఎంత అని ఒక కాగితం మీద రాసి విద్యుత్ సంస్థ సెక్షన్ ఆఫీసులో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారికి దరఖాస్తు ఇస్తే, ఫేజు మార్చడమో ట్యాపు దించడమో వారి చేతిలో పనే. ‘వోల్టేజీ ఎక్కువొస్తోంది’ అని ఫోన్లో చెబితే సాయంత్రం లోడు మీద కొలిచి 225 ఉందని వెళ్ళిపోతారు. మధ్యాహ్నం పన్నెండుకు రమ్మని దరఖాస్తులోనే రాయండి. ఇన్వర్టరు పై హద్దును సొంతంగా పెంచుకోవడం మాత్రం తగదు. 260 వోల్టులు పడితే ఇంట్లో ఫ్రిజ్ కంప్రెసరుకూ ఎల్‌ఈడీ డ్రైవర్లకూ అదే వోల్టేజీ అందుతుంది.


మున్నేరుగట్టు:

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. రీడింగుల కాగితం, లాగ్ ఫొటోలు జతచేసి సంస్థకు రాతపూర్వకంగా పంపిన తరువాత ఈసారి వేరే టెక్నీషియన్ ఉదయమే మెగ్గరుతో వచ్చారు. మా డాబా మీద తీగ నిజంగానే చుట్టు తిరిగి ఉంది. పై వరుసలో చివరి ప్యానెల్ తరువాత తీగ కింది వరుసలో మూలనున్న ప్యానెలుకు దిగింది, లెక్క ప్రకారం రెండు, మూడు ప్యానెళ్ళు అవే. మూల ప్యానెల్ మిడ్ క్లాంపు విప్పితే, ఫ్రేముకూ జీఐ రైలుకూ మధ్య తీగ నలిగి, పై తొడుగు గోరంత మేర చీలి ఉంది. లోపలి రాగి నల్లబడి, చీలిక అంచున ఆకుపచ్చ చిలుము పట్టింది. రైలు మీద అదే చోట తుప్పు మరక కూడా ఉంది. ఎండలో ఆ చీలిక పొడిగా ఉండి రైలుకు తగలదు, వాన నీరు గాడిలో నిలిస్తే తగులుతుంది.

తీగ ప్యానెలుతో పాటు వచ్చినది కాబట్టి, దాన్ని కత్తిరించి కొత్త కనెక్టరు వేస్తే ప్యానెల్ వారంటీ ఏమవుతుందో ముందే రాతపూర్వకంగా అడిగాను. ఆ పని తమ బాధ్యత మీదే చేస్తున్నట్టు సర్వీసు రిపోర్టులో రాసి, ప్యానెల్ తయారీదారు వాడిన కంపెనీ కనెక్టరే తెప్పించి, క్రింపింగ్ టూలుతో వేశారు. తరువాత మెగ్గరు 500 వోల్టుల వద్ద 40 మెగాఓములకు పైన చూపింది. అప్పటి నుంచి వానలు పడుతున్నా ఉదయం ఆరున్నర లోపే ఇన్వర్టరు లేస్తోంది.

ఏసీ సంగతి కూడా కొలిపించాను. మధ్యాహ్నం 2.4 కిలోవాట్లు ఇస్తుండగా ఇన్వర్టరు దగ్గర 256, మీటరు దగ్గర 251 వోల్టులు వచ్చాయి. కేబులు మీద చూస్తే 2.5 అని ఉంది. 6 చదరపు మిల్లీమీటర్ల కేబులు వేయించాలనుకుంటున్నాను, సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు కూడా ఇచ్చాను. ఇన్వర్టరుతో వచ్చిన ఏసీ ప్లగ్గులో 6 కేబులు పడుతుందా అన్నది ఒక్కటే సందేహం.


విశ్రాంత లైన్ ఇన్‌స్పెక్టర్:

2.4 కిలోవాట్లకు 5 వోల్టుల తేడా అంటే, ఎండకు వేడెక్కిన 2.5 కేబులుకు సరిపోయే లెక్కే, లూజు కాంటాక్టు వెతకనక్కరలేదు. ప్లగ్గు ఎంత మందం తీగ పడుతుందో దాని మీదో ఇన్వర్టరు మాన్యువల్లోనో ఉంటుంది. 6 పట్టకపోతే ఇన్వర్టరు నుంచి పక్కనున్న ఏసీ డబ్బా దాకా ఒక మీటరు 4 కేబులు, అక్కడి నుంచి కిందికి 6 వేయించండి. ఆ ఒక్క మీటరు వల్ల పెరిగే వోల్టేజీ లెక్కలోకి రాదు. కేబులు మార్చాక ఇన్వర్టరు దగ్గర 253 దరిదాపుల్లో నిలుస్తుంది, అంటే హద్దు ఇంకా అంచునే ఉంటుంది కాబట్టి ఏఈ గారి దగ్గర దరఖాస్తును వదిలిపెట్టకండి.